ఆత్మకూరు తోవలో తీగ తెగిన రోజు

ఈ పొద్దున మా వీధిలో మోరీ పని కోసం జేసీబీ తవ్వుతూ తవ్వుతూ నేలలో ఉన్న నల్లని కేబులును పీకి బయట పడేసింది. నేను వాకిట్లో నిలబడి చూస్తున్నాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, చెయ్యి దానంతటదే ఫోను వెతుక్కున్నది. తీరా లోపలికి వచ్చి చూస్తే మనవరాలు ఫోనులో వింటున్న పాఠం ఆగలేదు, పంతులమ్మ గొంతు తడబడలేదు, పక్కింటి టీవీలో పాట కూడా సాగుతూనే ఉన్నది. తెగిన తీగ మట్టిలో పడి ఉండగానే ఊరికి ఇంటర్నెట్ మరో దారిన వచ్చేస్తున్నది. ఆ మరో దారి ఎట్లా పుట్టిందో తెలిసినవాళ్ళం మా అమరచింతలో ఇప్పుడు కొద్దిమందిమే మిగిలాము. మిద్దె మీద యాంటెనా తిప్పి టీవీలో బొమ్మ తెచ్చుకున్న నా ఈడువాళ్ళకైనా ఆ సంగతి చెప్పుకోవాలనిపించింది.

మాది మొదట డిష్ కనెక్షన్ల వ్యాపారం. తరువాత అవే స్తంభాల మీద, అవే మిద్దెల మీద ఇంటర్నెట్ తీగలు కూడా లాగినాము. మా ఆయన స్తంభాలెక్కితే నేను ముందటి అర్రలో కూర్చొని ఫోనెత్తేదాన్ని. సీరియల్ మధ్యలో బొమ్మ పోయినా, నెట్ ఆగినా ఊరి తిట్లన్నీ ముందుగా పడేది నా చెవిలోనే. మాకు నెట్ వనపర్తి నుంచి ఆత్మకూరు మీదుగా వచ్చేది. బజారుకు అవతలి సగం ఊరు మరొకాయనది. ఊరంతా ఆయన్ని భాయి అనేవాళ్ళు, మేమూ అట్లాగే అనేవాళ్ళం. ఆయన లైను గద్వాల నుంచి జూరాల కట్ట దాటి వచ్చేది.

భాయికీ మా ఆయనకూ మాటల్లేవు. మా తీగ తెగితే భాయి మనుషులు కోశారని మా ఆయన, వాళ్ళ తీగ తెగితే మా ఆయన కోశాడని భాయి, ఇట్లా ఏళ్ళు గడిచినాయి. బజారులో ఎదురుపడితే ఒకరు కిరాణా దుకాణం వైపు చూస్తే ఇంకొకరు ఆకాశం వైపు చూసేవాళ్ళు. నిజానికి ఆ తీగల్లో సగం కోతులు పీకినవే. మిద్దె నుంచి మిద్దెకు వాటిని పట్టుకొని ఊగే కోతులను నేను కళ్ళారా చూసి చెప్పినా మా ఆయన నమ్మలేదు. ఆ కోతులను కూడా భాయే పంపినట్టు మాట్లాడేవాడు.

ఒకనాడు ఎర్రటి ఎండలో నెట్ ఆగిపోయింది. తిట్లు వినడానికి సిద్ధపడి ఫోనెత్తితే అవతల మెత్తని ఆడగొంతు.

"అమ్మా, నేను భాయి ఇంటామెను మాట్లాడుతున్న. ఏమనుకోకు. మీకు గూడ బందైందా, మాకొక్కలకేనా?"

మాకూ ఆగిందని చెప్పాను. అయితే హైదరాబాదు నుంచే రావడం లేదు, మొగోళ్ళను ఎండలో స్తంభాలెక్కించే పని లేదు అని నవ్వి పెట్టేసింది. ఎంత చిన్న మాట! ఇద్దరికీ ఆగితే జబ్బు పైన ఉన్నట్టు, ఒక్కరికే ఆగితే మన తోవలోనే తెగినట్టు. ఆనాటి నుంచి నెట్ పోతే మేమిద్దరం మొదట ఒకరినొకరు అడిగి తెలుసుకునేవాళ్ళం. నాకంటే పెద్దది గనుక వాళ్ళ మాటలో అక్క అన్నట్టు నేను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మగవాళ్ళకు చెప్పలేదు. బజారులో కనిపిస్తే మాత్రం కళ్ళతోనే నవ్వుకొని తప్పుకునేవాళ్ళం.

అట్లా ఉండగా ఒక వానాకాలం, ఇంజనీరింగ్ చదువుకు పిల్లలు ఏ కాలేజీ కావాలో కంప్యూటరులో పెట్టుకునే ఆఖరు రోజున, ఆత్మకూరు తోవలో రోడ్డు పనివాళ్ళ యంత్రం మా లైనును తెంపేసింది. సెల్ టవర్ల తీగలు కూడా మా లైను పూడ్చిన కాలువలోనే ఉండడంతో ఫోన్లలో మాట వినబడుతున్నా నెట్ మాత్రం చచ్చిపోయింది. గుంత నిండా వాననీళ్ళు. తోడి అతికేసరికి తెల్లారుతుందని వనపర్తిలో మాకు నెట్ ఇచ్చే కంపెనీ ఇంజనీరు చెప్పాడు. తెల్లారితే ఆ పిల్లలకు ఏముంటుంది? మా వాకిట్లో గొడుగులతో, తలల మీద యూరియా సంచులతో తల్లిదండ్రులు జమయినారు. మా వీధిలో మగ్గం నేసే అన్న తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. 

ఆపాకు ఫోన్ చేశాను. వాళ్ళది నడుస్తూనే ఉన్నది.

"ఇయ్యాలనే ఆఖరట గద చెల్లె," అన్నది. "పిల్లలను మా ఇంటికి తోలియ్యి."

"ఎంతమందినని తోలాలె ఆపా? చుట్టుపక్కల ఊర్లోళ్ళు గూడ మా తీగల మీదనే ఉన్నరు. రెండు లైన్లు కలిపితే?"

ఆమె వెంటనే, "నేను మా ఆయనకు చెప్త. నువ్వు మీ ఆయన్ని ఒప్పియ్యి," అన్నది.

మా ఆయన్ని ఒప్పించడం నా వల్ల కాలేదు. గా మనిషి తాన నేను చెయ్యి జాపాల్నా అని వీధి వినేటట్టు అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే వానలో తడుస్తూ భాయి స్కూటరు మా వాకిట్లో ఆగింది. భుజానికి కేబుల్ చుట్ట, ముందట ప్లాస్టిక్ కవరులో తీగలతికే మిషను. అంతమంది ముందర మా ఆయన్ని చూసి, "ఏం భాయ్, కొట్లాట రేపు చేద్దాం. ఇయ్యాల జర ఈ కొస పట్టు," అన్నాడు.

మా ఆయన కొస పట్టుకున్నాడు.

రెండు లైన్లకు మధ్య ఉన్నది బజారు వెడల్పే. అన్నేళ్ళ పగ అంత ఇరుకు జాగాలో ఉండిందని అప్పుడే తెలిసింది. తీగ లోపల వెంట్రుక కంటే సన్నగా ఉండే గాజు పోగులను ఆ మిషనులో ఎదురెదురుగా పెట్టి అతకాలి, చుక్క నీరు పడకూడదు. భాయి చుట్టూ చూసి మెట్టు మీద ఉన్న మగ్గం అన్నను, అన్నా జర ఛత్రి పట్టు అని పిలిచాడు. రోజంతా పోగులతో బతికే ఆ మనిషి తన వీపు తడిసిపోతున్నా గొడుగును ఆ పోగుల మీద నుంచి ఇంత కూడా జరపలేదు. వనపర్తి ఇంజనీరూ గద్వాల ఇంజనీరూ అంతకుముందు ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఫోనులో మాట్లాడుకొని తమ కంప్యూటర్లలో దారి మళ్ళించారు. మా పెట్టెలో పచ్చలైటు వెలిగింది.

వెలిగింది గానీ పేజీ తెరుచుకోలేదు. సగం ఊరికి సరిపోయే లైను మీద మొత్తం ఊరు ఎక్కింది మరి. అప్పుడు పని పడింది మా ఇద్దరికీ. ఆపా వాళ్ళ ఇండ్లకు, నేను మా ఇండ్లకు ఫోన్లు మొదలుపెట్టినాము. అక్కా, జర సినిమా బందు పెట్టు, తమ్మీ, ఆటలు ఆపు, పిల్లల పని అయిపోనీ అని బతిమాలినాము. మావాళ్ళు అయితే ఒప్పుకున్నారు గానీ, భాయి లైను వాళ్ళకేమి పట్టింది? వాళ్ళ నెట్ ఏమీ పోలేదాయె. ఒక పెద్దాయన ఆపాను గట్టిగానే కసిరాడట. పిల్లల సంగతి విన్నాక మాత్రం ఆయనే చేతికర్ర పట్టుకొని గల్లీలో ఇల్లిల్లూ తిరిగి టీవీలు ఆపించాడట. కాసేపటికి మా అర్రలోని కంప్యూటరులో చక్రం తిరగడం ఆగి పేజీ వచ్చింది. సాయంత్రం లోపల అందరు పిల్లలదీ అయిపోయింది. మగ్గం అన్న బిడ్డ తన కాలేజీలు పెట్టుకొని లేచి, అయిపోయింది నాయినా అన్నప్పుడు ఆయన గొడుగు ముడుస్తూ మా ఆయన వైపూ భాయి వైపూ చూసి చేతులు జోడించాడు. ఆ ఇద్దరూ ఎటు చూడాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మరునాడు కొట్లాట జరగలేదు. మా లైను బాగయినా బజారు మీది ఆ తీగను ఎవరూ తీయలేదు. తరువాత జూరాల దిక్కున భాయి లైను పోయినప్పుడు వాళ్ళ ఇండ్లన్నిటికీ మా లైనే ఆధారమయింది. అది చూసి ఆత్మకూరులో నెట్ ఇచ్చే ఆయన, మక్తల్ ఆయన తమవి కూడా కలుపుతామన్నారు. ఎవరిది తెగితే వాళ్ళను పక్కవాళ్ళు మోయాలన్నదే ఒప్పందం. అడవి అంచున లింగాల నుంచి ఒకాయన ఇదెట్ల చేసిన్రని అడిగితే, మా ఆయనా భాయీ ఒకే బండి మీద అంత దూరం పోయి చూపించి వచ్చారు. తోవ పొడుగునా భాయి పాటలు పాడి తల తిన్నాడని మా ఆయన వారం రోజులు మురిపెంగా చెప్పుకున్నాడు. పెద్ద చదువులు, పెద్ద కంపెనీలు ఉన్నచోట ఇట్లాంటివి ఎప్పటి నుంచో ఉన్నాయట. ఉంటే ఉండనీ, మా బజారులో మాత్రం మేమే చేసుకున్నాము. ఆ గర్వం నాకు ఈనాటికీ ఉన్నది, దాచుకోను.

భాయి ఇప్పుడు లేడు. ఆపా గద్వాలలో కొడుకు దగ్గర ఉంటున్నది. మా లైనూ వాళ్ళ లైనూ పెద్ద కంపెనీల్లో కలిసిపోయినాయి. ఇప్పుడు ఒక దారి తెగితే రెప్పపాటులో యంత్రమే ఇంకో దారి పట్టిస్తుంది. ఎవరినీ బతిమాలే పని లేదు, ఎవరి కోపమూ చల్లార్చే పని లేదు. మేము కోరుకున్నదీ అదే గనుక సంతోషమే. కానీ ఈ పక్క కంపెనీ ఆఫీసులో కూర్చునే పిల్లవాడికి ఆ పక్క ఆఫీసు పిల్లవాడి పేరు తెలియదు. ఒకరి లైను మీద ఒకరు రోజూ నడుస్తున్నా ఒకరి గొంతు ఒకరు ఎన్నడూ వినలేదు. మేము కలవడానికి ఒక తీగ తెగవలసి వచ్చింది. ఇప్పుడు తెగిన సంగతే ఎవరికీ తెలియడం లేదు, అందుకేనేమో కలవవలసిన అవసరమూ ఎవరికీ రావడం లేదు.