గంజాయి కాదు, అడవి కాఫీ!

మాది భిలాయి. నేను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. అరకు అడవుల్లో వానలో కోసిన అడవి కాఫీ కొమ్మలను కాగితాల మధ్య ఆరబెట్టి, మా ఊరి పక్కనే ఉన్న దుర్గ్‌లో రైలు దిగాను. పోలీసులు ఆపి కట్ట విప్పించారు.

"ఏటమ్మా ఇది, గంజాయా?" అన్నాడు విజయనగరం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక కానిస్టేబుల్, తన యాసలో.

భయంతో గబగబా సంచిలోంచి భూతద్దం తీశాను. "కాదు బాబాయ్, కాఫీ! చూడండి" అంటూ భూతద్దం కింద ఆకు తిరగేసి, నేనే ఆగిపోయాను. తడిలో కనబడని ఎర్రటి నూగు అడుగంతా పరుచుకుని ఉంది. మాకు తెలిసిన ఏ అడవి కాఫీకీ అది లేదు.

"బాబాయ్, ఇది కొత్త జాతి!" అని గట్టిగా అరిచేశాను. ప్లాట్‌ఫారమంతా మావైపు తిరిగింది.

"సర్లే, చాయ్ తాగి ఎల్లు" అని ఆయన నవ్వేశాడు.

నెలల తరబడి పోల్చి చూశాక మా గురువుగారూ కొత్త జాతేనని తేల్చారు. అంత భయంలోంచి అంత సంతోషం పుట్టడం నేను మళ్లీ ఎరగను.