పిక్కలో ఉండిపోయిన ఆయుధపూజ

ముందు కుయ్యిమని గేటు అరిచింది. తర్వాత ఆకాశం రంగు యూనిఫాం, ఆ వెనక కుడికాలిని కొంచెం ఆలస్యంగా తెచ్చుకుంటూ వెంకటగిరియప్ప. బెళ్ళందూరులో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన కాపలాదారు. మమ్మల్ని తనిఖీ చేయాల్సిన మనిషిని చూసి మెటల్ డిటెక్టరే రోజూ గోలపెట్టేది.

జేబులు ఖాళీ చేశాడు, బెల్టు తీశాడు. అరుపు ఆగలేదు. చివరికి చేతి డిటెక్టరు అతని పిక్క దగ్గర కూసింది. కాల్లో తూటా ఉందన్న మాట టీ వేళకల్లా అన్ని అంతస్తులూ ఎక్కింది. పేపర్లు చదివీ చదివీ ఈ ఊళ్ళో కాలి తూటాకు ఒకటే అర్థం స్థిరపడింది: పారిపోతుంటే పోలీసులు కాల్చిన రౌడీ.

ఇక క్యాబ్ డ్రైవర్లు అతన్ని అన్నా అనడం మొదలుపెట్టారు. ఈల నోట పెట్టకముందే బండ్లు వరుసలో నిలిచేవి. వెంకటగిరియప్ప అవుననలేదు, కాదనలేదు. వెన్నెల్లో నిలబడ్డట్టు ఆ గౌరవంలో కొన్నాళ్ళు నిలబడ్డాడు.

అప్పుడు సెక్యూరిటీ అధికారి స్టాన్లీ పిలిచాడు. రౌడీని గేటు దగ్గర పెట్టుకోలేనని, సాయంత్రంలోగా సంగతి తేల్చకపోతే యూనిఫాం అప్పగించి వెళ్ళమని చెప్పేశాడు. దాస్తే ఉద్యోగం పోతుంది, చెబితే పరువు. ఎటూ తోచక ఇంటికి ఫోన్ చేశాడు. భార్య మునిలక్ష్మి ఎక్స్‌రే పట్టుకుని వచ్చి, గేటు ముందు అందరూ చూస్తుండగా ఎండకెత్తింది. తెల్లటి ఎముక పక్కన ఆవగింజలంత చుక్కలు, ఎవరో విసిరేసిన నక్షత్రాల్లా.

"తుపాకీ ఈయప్పదే, కాలు ఈయప్పదే. నడుమ పోలీసు యాడుండాడు?" అంది.

ఇక్కడికి రాకముందు జిగణిలో ఒక ఫ్యాక్టరీకి అతను సొంత లైసెన్సు తుపాకీతో కాపలా కాసేవాడు. ఆయుధపూజ నాడు యంత్రాలతో పాటు దానికీ గంధం పూసి, పొడవాటి చామంతి దండ చుట్టి బల్లమీద పడుకోబెట్టాడు. ఖాళీ కడుపుతో ఉన్నదానికి హారతి ఎలా ఇస్తామని లోపల ఒక కార్ట్రిడ్జి కూడా పెట్టాడు. గుమ్మడికాయ పగలగొట్టబోతుంటే దండ కొస చొక్కా గుండీకి చిక్కి, తుపాకీ మూతి బల్లమీంచి నేలకు వాలి, దారం ట్రిగ్గర్‌ని లాగింది. సీసపు గుళ్ళు సిమెంటు నేలను తాకి, చెదిరి, పిక్కలోకి దూరాయి. కార్మికులు టపాకాయ అనుకుని చప్పట్లు కొట్టారు. కారేది కుంకుమ నీళ్ళని అతనూ కాసేపు అనుకున్నాడట.

ఆస్పత్రిలో డాక్టర్ ఫర్హానా పైపైన ఉన్న గుళ్ళు తీసింది. లోపలివి ఎముకనూ నరాన్నీ తాకలేదని, వాటికోసం వెతికితే కత్తి చేసే గాయమే పెద్దదవుతుందని వదిలేసింది. తుపాకీ గాయం కాబట్టి పోలీసులకు కబురు వెళ్ళింది. కాల్చినవాడెవరని అడిగితే వెంకటగిరియప్ప తన పేరు చెప్పాడు. గాయపడినవాడెవరంటే మళ్ళీ అదే పేరు. కానిస్టేబుల్ రాయడం ఆపి అతని మొహంలోకి చూశాడు. తుపాకీ స్టేషన్‌కు వెళ్ళిపోయింది. అందుకే మా గేటు దగ్గర ఈల.

స్టాన్లీ గంభీరంగా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"యూనిఫాం ఉంచుకో. వచ్చే పండక్కి ఆ ఈలకు పూజ చేసుకో. అందులో ఏమీ నింపకు, అంతే," అన్నాడు.

గేటు దగ్గర నవ్వు అలలుగా రోడ్డుదాకా వెళ్ళింది. మునిలక్ష్మి ఎక్స్‌రేను కొంగుతో తుడుచుకుని బస్సెక్కింది.

సాయంత్రం గేటు ముందు బండ్లన్నీ అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. కాలెలా ఉందని అడిగాను.

"కాలు బాగుండాదప్పా, పనీ ఉండాది. ఆ తెల్ల బండి తీయమని డ్రైవరుకు మీరే ఒక మాట చెప్పండి. నేను చెప్తే నవ్వుతాండాడు."