గురువారం కొత్త పాట

వట్లూరులో రాహేలు టీచరును ఎరగనివాళ్లు తక్కువ. లెక్కలు చెప్పి చెప్పి రిటైరై పదకొండేళ్లయింది. కైకలూరులో వాళ్లమ్మ చివరి ఆరేళ్లూ కన్నబిడ్డల పేర్లు కూడా మరిచిపోయి బతికింది. ఆ గతి తనకు పట్టకూడదని టీచరు పంతం. తెల్లవారగానే కేన్వాసు బూట్లు తొడుక్కుని, పంతొమ్మిదో ఎక్కం చివరి నుంచి మొదటికి చెప్పుకుంటూ రైల్వే గేటు దాకా నడిచి వస్తుంది. ఎడంచేత్తో పళ్లు తోముకుంటుంది. బీపీ మాత్ర ఒక్కరోజూ తప్పదు. బుర్రకు ఎప్పుడూ కొత్త పని చెబుతుండమని ఏలూరులో డాక్టరు అన్న దగ్గర నుంచి, వారానికొక పాట నేర్చుకుని, గురువారం మధ్యాహ్నం చర్చిలో ఆడవాళ్లకు నేర్పుతోంది.

మొన్న గురువారం బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో పాట రాసి, "ఇది కొత్తదండీ. నిన్ననే పట్టుబడింది. జాగ్రత్తగా వినండి" అంది. అది అంతకుముందు రెండు గురువారాలూ నేర్పిన పాటే. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. టీచరు చెల్లెలు ప్రిసిల్లా "అక్కా..." అంటూ సగం లేచింది.

"ఏంటే?" అని టీచరు నవ్వుతూ తిరిగింది.

ఆ నవ్వు చూసి ప్రిసిల్లా, "ఏం లేదక్కా, పాడు" అని కూర్చుండిపోయింది.

టీచరు ఒక్కసారి పాడగానే అందరూ ఎక్కడా తడబడకుండా అందుకున్నారు. "ఒక్కసారికే వచ్చేసిందేంటండీ మీకు! నాకు వారం పట్టింది" అని ఆవిడ మురిసిపోయింది. ప్రిసిల్లా వెళ్లి బోర్డు తుడవసాగింది. అక్షరాలన్నీ పోయాక కూడా ఆమె ఇటు తిరగలేదు.