పేరు లేని గది

నగరానికి పడమట సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నేను చేవెళ్ల నుంచి రోజూ బస్సెక్కి, మొయినాబాద్ దగ్గర ఒక బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. నా తరగతిలో ఎంకపల్లి పిల్ల ఒకతి ఉండేది. గోల ఎక్కువైతే చెవులు మూసుకునేది, అయినా తగ్గకపోతే పక్కవాళ్లను కొరికేది. రెండుసార్లు నన్నూ కొరికింది. టీసీ ఇచ్చి పంపేద్దామని పెద్దసారు అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఈ బడి పోతే దాన్ని చేర్చుకునే బడి ఇంకోటి లేదు.

అలాంటి పిల్లలకు చదువు చెప్పే టీచర్లకు ఒక కంపెనీ చిన్న గ్రాంటు ఇస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టాను. పెద్దగా ఏమీ అడగలేదు. సామాన్ల గదికి సున్నం, ఒక చాప, కిటికీకి మందపాటి పరదా, పూసలు, దారం. గ్రాంటు వచ్చింది. కోపం ముంచుకొస్తే పిల్ల తనంతట తానే ఆ గదిలోకి వెళ్లి, పూసలు గుచ్చుకుని, కాసేపటికి తరగతికి వచ్చేసేది. నెల రోజులు ఎవరినీ కొరకలేదు.

అప్పుడు పెద్దసారు పెయింటర్‌ను పిలిపించారు. తలుపు పైన గోడ మీద ఎర్ర అక్షరాలతో కంపెనీ పేరు, దాని కింద ‘మానసిక లోపం గల పిల్లల గది’ అని రాయించారు. మర్నాటి నుంచి పిల్ల రావడం మానేసింది.

వాళ్లింటికి వెళ్లాను. పూలతోటలో కూలికి పోయే తల్లి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది.

“నా బిడ్డకు పిచ్చి అని గోడ మీదనే రాసిన్రు గద టీచరమ్మా. పోరగాండ్లు సదివి ఎక్కిరిస్తున్నరు. ఇగ ఎట్ల తోలియ్యాలె?” అంది.

నాకు సిగ్గేసింది. తుడిపించాక వచ్చి చెబుతానని మాత్రం అన్నాను.

పెద్దసారు చెడ్డమనిషి కాదు. ఆ రాత తుడిపిద్దామంటే, “ఇచ్చినోళ్ల పేరు రాయకుంటే మర్యాదేనా మేడమ్? ఫ్యాన్ రెక్కల మీద రాస్తలేమా? ఎల్లుండి వాళ్లు చూడనీకి వస్తున్నరు” అన్నారు.

“ఫ్యాన్‌కు సిగ్గు లేదు సార్” అని సున్నం బకెట్ తెచ్చుకుని నేనే స్టూలెక్కాను. మూడు పూతలు వేస్తే గానీ ఎరుపు చావలేదు. సాయంత్రం తల్లిని తీసుకొచ్చి చూపించాను. ఆమె కూడా స్టూలెక్కి, తడిగోడను వేలితో గీకి మరీ చూసుకుంది. తెల్లారి పిల్లను పంపింది.

కంపెనీవాళ్లు కెమెరాతో వచ్చారు. ఖాళీ గోడను చూసి మొహాలు చిన్నబుచ్చుకున్నారు. తర్వాత తరగతిలోకి వచ్చి, “ప్రాబ్లమ్ ఉన్న పాప ఎవరు మేడమ్, ఫొటో తీసుకుంటాం” అన్నాడు ఒకతను.

“మీరే చూసి చెప్పండి” అన్నాను.

నలభై మందినీ వరుస వరుసా చూశాడు. పోల్చుకోలేకపోయాడు.

మరుసటి ఏడు గ్రాంటు రాలేదు. పిల్ల నాలుగో తరగతికి వచ్చింది.