మనిషి లేని చోట ఫ్యాన్

వారం రోజులుగా మా కారు మిట్టమధ్యాహ్నం ఉప్పల్ సిగ్నల్ దగ్గర వేడెక్కి ఆగిపోతోంది. తోయడానికి వచ్చిన ప్రతివాడూ దానికో కొత్త రోగం అంటగట్టాడు. ఈరోజు మామగారిని వెంటబెట్టుకుని మల్లాపూర్‌లో మెకానిక్‌కి చూపించాను.

అతను బానెట్ ఎత్తి, "రేడియేటర్ ఫ్యాన్ వైరు ఎవరో పీకిన్రు సార్" అన్నాడు.

"నేనే పీకానయ్యా," అన్నారు మామగారు గర్వంగా. "బండి ఆపి దిగినా తిరుగుతూనే ఉంది. మనిషి లేని చోట ఫ్యాన్ ఎందుకు, బ్యాటరీ దండగ!"

"గది ఇంజన్ సల్లబడనీకి పెద్దాయనా!"

వైరు పెట్టించుకుని నాచారంలో ఇంటికొచ్చాం. మామగారి గదిలో పొద్దుటి నుంచీ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"గది చల్లబడాలి కదా అల్లుడూ" అన్నారు.

బానెట్‌కి తాళం ఎక్కడ వేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.