హాల్లో ఉన్న బొమ్మ నాది కాదు

మా హాల్లో సోఫా పైన గోడకు ఒక బొమ్మ ఉంది. వాన వెలిసిన తర్వాత ఏదో పరాయి దేశపు వీధి. ఇంటికి వచ్చినవాళ్ళు దాని ముందు కాసేపు ఆగుతారు. "మీరే వేశారా?" అని అడుగుతారు. నేను తల ఊపుతాను. ఏళ్ళ తరబడి అలా తల ఊపుతూనే ఉన్నాను. ఊపిన ప్రతిసారీ లోపల ఒక బరువు కొంచెం పెరుగుతుంది. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను మంచిదాన్ననిపించుకోవడానికి ఇది రాయడం లేదు. నన్నెరిగినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఎవరేమన్నా నేను మర్చిపోను. ఓనర్ ఆంటీ వరలక్ష్మీ వ్రతానికి పిలిచి, నా తర్వాత వచ్చినవాళ్ళకు ముందు తాంబూలం ఇచ్చిన సంగతి నాకింకా గుర్తుంది. మా ఆడపడుచు నా చీర చూసి "డిస్కౌంట్‌లో కొన్నావా వదినా?" అన్నది ఎవరి పెళ్ళిలోనో, అప్పుడు పక్కన ఎవరెవరున్నారో కూడా చెప్పగలను. నీళ్ళు సన్నగా వస్తున్నాయనీ, వీధి దీపం వెలగడం లేదనీ, హాస్టల్ పిల్లలు బండ్లు మా గేటుకు అడ్డం పెడుతున్నారనీ నేను ఫిర్యాదు చేయని చోటు లేదు. తప్పెప్పుడూ అవతలివాళ్ళదే. ఈ ఒక్కటి తప్ప.

2010 వేసవి అది. అప్పుడూ ఇప్పుడూ మేము చిక్కడపల్లిలో ఇదే ఇంట్లో, మొదటి అంతస్తులో అద్దెకుంటున్నాం. పైన ఓనర్ ఆంటీ. కింద పోర్షన్‌లో సునంద, ఆమె భర్త ఉండేవాళ్ళు. సునందది మహబూబ్‌నగర్. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అనేది.

బొమ్మల పిచ్చి మొదట నాది. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. నారాయణగూడలో ఒక స్టేషనరీ షాపులో నంబర్ల పెయింటింగ్ కిట్ నేను ముందు చూశాను. పెట్టెలో ఒక కాన్వాస్ ఉంటుంది. దాని మీద బొమ్మంతా చిన్న చిన్న గళ్ళుగా గీసి, ఒక్కో గడిలో ఒక్కో నంబరు వేసి ఉంటుంది. చిట్టి డబ్బీల్లో రంగులు, వాటి మూతల మీద అవే నంబర్లు. ఏడున్న చోట ఏడు, పద్నాలుగున్న చోట పద్నాలుగు నింపుకుంటూ పోవాలి. అంతే. చిన్నప్పుడు బడిలో డ్రాయింగ్ సార్ నా పుస్తకం పైకెత్తి క్లాసంతటికీ చూపించి నవ్వించాడు. ఈ కిట్‌లో ఎవరూ నన్ను చూసి నవ్వలేరనుకున్నాను. గీత దాటకుండా నింపితే చాలు, తప్పు పట్టడానికి చోటుండదు.

మొదటిది పూలకుండీ. సునంద చూసి ముచ్చటపడింది. తనకూ ఒకటి కావాలంది. నేనే షాపుకు తీసుకెళ్ళాను. రెండే పెట్టెలు మిగిలున్నాయి, రెండూ ఒకే బొమ్మ. ఈ వాన వీధి. చెరొకటి తీసుకున్నాం. మధ్యాహ్నాలు మా హాల్లో చాప వేసుకుని, ఎదురెదురుగా కూర్చుని వేసుకునేవాళ్ళం.

ఒకే బొమ్మ. అవే నంబర్లు, అవే డబ్బీలు, అవే కుంచెలు. అయినా కొన్నాళ్ళకు ఆమెది ఒకలా, నాది ఒకలా కనబడటం మొదలైంది. నేను గీత దాటకుండా నింపేదాన్ని. ఆమె రెండు గళ్ళు కలిసే చోట, రంగు తడి ఆరకముందే, కుంచెతో ఒకదాన్ని ఇంకోదానిలోకి మెల్లగా లాగేది. అలా చెయ్యకూడదని నేను చెప్పాను. పద్నాలుగంటే పద్నాలుగే, పెట్టె మీద అలాగే ఉందని చూపించాను. నవ్వి ఊరుకుంది.

ఒకరోజు మా ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చారు. నా పూలకుండీ నెలల తరబడి గోడకు ఉన్నా దాని గురించి ఒక్క మాట మాట్లాడని మనిషి. చెప్పులు విప్పుతూ సునంద కాన్వాస్ చూసి ఆగిపోయారు. "అమ్మా, నీ రోడ్డు మీద కాలు పెడితే జారేటట్టుంది" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు కూడ గట్ల ఎయ్యరాదు?" అన్నారు.

ఆ మాట నాలో ఎంత లోతుకు దిగిందో మీకెలా చెప్పను? వంటలో ఒకరు నాకంటే మేలంటే, వాళ్ళ చేతి అలవాటు అనుకుంటాను. చదువులో అయితే, వాళ్ళను చదివించారు నన్ను చదివించలేదు అనుకుంటాను. ఎప్పుడూ ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఇక్కడ దొరకలేదు. ఇద్దరికీ అన్నీ ఒకటే ఇచ్చారు, ఎవరికీ ఏదీ ఎక్కువ ఇవ్వలేదు, అయినా ఆమె వీధిలో వాన కురిసి వెలిసింది, నా వీధిలో రంగులు మాత్రమే ఉన్నాయి. ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి?

అదే సమయంలో ఓనర్ ఆంటీ ఒక కబురు చెప్పింది. వాళ్ళ చెల్లెలు విద్యానగర్‌లో ఒక చిన్న స్కూల్ నడిపేది. జూన్ నుంచి చిన్నపిల్లలకు డ్రాయింగ్ నేర్పడానికి మనిషి కావాలట. చదువు పెద్దగా అక్కర్లేదు, చేతిలో పని ఉంటే చాలట. సునంద వేసిన బొమ్మ ఫ్రేము కట్టించి ఇస్తే చెల్లెలికి చూపిస్తానంది. సునంద ఇంటర్‌తో చదువు ఆపేసింది. "గిదొక్కటి దొరికితే సాలక్కా, నాకంటూ ఒకటి ఉంటది" అని నా చేతులు పట్టుకుంది. అంతగా ఆశపడటం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో వాళ్ళమ్మకు జబ్బు చేసిందని ఊరి నుంచి ఫోను వచ్చింది. చివరి గళ్ళు ఆదరాబాదరాగా నింపి, కాన్వాస్ నా చేతిలో పెట్టి బస్సెక్కింది. నీదాంతో పాటే ఫ్రేము కట్టించి ఆంటీకి ఇయ్యి అక్కా, అంది. నన్ను నమ్మింది. నమ్మకూడదని అనుకోవడానికి ఆమెకు కారణమేదీ లేదు.

రెండూ చుట్టి నారాయణగూడలో ఫ్రేముల షాపుకు పట్టుకెళ్ళాను. కావాలనే చేశానా? దారిలో ఏ ఆలోచనా లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా లేదా? ఆటోలో కూర్చుని రెండూ విప్పి పక్కపక్కన పెట్టి చూసుకున్నానే, ఎందుకు? షాపతను వెనక అట్టల మీద పేర్లు రాయడానికి పెన్ను తీసి, ఏది ఎవరిదమ్మా అని అడిగాడు. నేను సునంద బొమ్మ మీద వేలు పెట్టి నా పేరు చెప్పాను. అంతే.

ఫ్రేములు వచ్చాక సునంద పేరున్న నా బొమ్మను ఆంటీకి ఇచ్చాను. నా పేరున్న ఆమె బొమ్మను ఇక్కడ, సోఫా పైన తగిలించాను. మా ఆయన చూసి, సునందను చూసి నేనూ అలా వేయడం నేర్చుకున్నాననుకున్నారు. ఒక ఆదివారం ఆంటీ చెల్లెలు వచ్చింది. నన్ను కూడా పైకి పిలిచారు. ఆవిడ ఫ్రేమును ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. "నీట్‌గ ఉంది గానీ జీవం లేదు. మా థర్డ్ క్లాస్ పిల్లలు గూడ ఏస్తరు ఇట్ల" అంది.

అది నా బొమ్మ. నా ముఖం మీదే, నా బొమ్మను పట్టుకుని, అంత మాట అంది. నా జీవితంలో ఎన్ని అవమానాలు లెక్కపెట్టుకున్నానో, వాటన్నిటికంటే పెద్దది ఇదే. నోరు తెరిచి ఒక్క మాట అనడానికి నాకు వీలు లేదు. ఆవిడ కిందికి దిగేటప్పుడు మా ఇంట్లోకి తొంగిచూసి, గోడ మీది బొమ్మ దగ్గర ఆగింది. మీరు వస్తారా మా స్కూల్‌కి, అని నన్ను అడిగింది. తీరిక లేదన్నాను. గొప్పగా అన్నాను. నిజం చెప్పి ఉంటే అక్కడికక్కడే అంతా సరిపోయేది. ఆ సంగతి అప్పుడూ తెలుసు. చెప్పలేదు. ఆ పని ఇంకెవరికో పోయింది.

సునంద తిరిగొచ్చేసరికి స్కూళ్ళు తెరిచేశారు. ఆంటీ ఇచ్చిన ఫ్రేము చంకలో పెట్టుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. గోడ మీది బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఇది నీదా అక్కా?"

"మరెవరిది?"

"మస్తొచ్చింది." తన చేతిలోని ఫ్రేము వైపు చూసుకుంది. "నాది గిట్లెందుకైంది? నేను గిట్ల ఏసినట్టు నాకు యాదికే లేదు."

"అద్దం బిగిస్తే అట్లనే కనబడతది. అమ్మ టెన్షన్‌ల ఆగమాగం ఏసినవ్ గదా."

"అంతేనంటవా?"

"అంతే."

ఫ్రేము తిప్పి, వెనక అట్ట మీద ఉన్న తన పేరు చూసుకుంది. తర్వాత నవ్వింది. "నేనేమో పెద్ద ఆర్టిస్ట్‌నని ఫోజు కొట్టిన. నంబర్లు రాసిచ్చినా సక్కగ నింపరాలేదంటే నాకింకేం వస్తదక్కా?"

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. ఆమె తాగకుండానే దిగి వెళ్ళిపోయింది. మళ్ళీ కుంచె ముట్టుకోలేదు. మిగిలిన రంగుల డబ్బీలు నాకే తెచ్చిచ్చింది. ఆమెకు తెలిసిందా? తన చేత్తో లాగిన రంగును తను గుర్తుపట్టలేదా? గుర్తుపట్టి కూడా, అక్క అలా చేస్తుందని అనుకోవడం ఇష్టం లేక, తన చేతినే అనుమానించిందా? ఈ ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తెలిసుంటే నన్ను నాలుగు తిట్టి ఉండేది. తిట్టి ఉంటే బాగుండేది.

2014లో వాళ్ళు కవాడిగూడలో చిన్న ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయారు. గృహప్రవేశానికి వెళ్ళాను. గదులన్నీ తిరిగి చూశాను. ఏ గోడకూ నా బొమ్మ లేదు. అప్పుడు నాకేమనిపించిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. కోపం వచ్చింది. నేను వేసిన బొమ్మను గోడకు పెట్టలేదని చిన్నబుచ్చుకుని, సరిగా భోజనం చెయ్యకుండా వచ్చేశాను.

సునందకు ఇప్పటికీ చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. ఇస్తే అది ఇంకో అబద్ధం కావచ్చు.

మొన్న కింద పోర్షన్‌లో కొత్తగా దిగిన అమ్మాయి పాలలోకి తోడు కోసం పైకి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటోంది. నేను గిన్నెలో పెరుగు వేస్తుంటే హాల్లోంచి కేకేసింది.

"ఆంటీ, ఈ బొమ్మ మీరే ఏసిన్రా?"

తల ఊపబోయాను. ఎందుకో తెలియదు, మెడ కదల్లేదు.

"కాదమ్మా. సునంద అని, నువ్వుండే పోర్షన్‌లనే ఉండేది. ఆమె ఏసింది."

ఆ పేరు బయటికి వస్తుంటే కూడా ఒళ్ళు మండింది. ఇంతకాలం నాదనిపించుకున్నది ఒక్కసారిగా మళ్ళీ ఆమెదైపోయింది.

"మీరు ఎయ్యరా మరి?"

"ఒకటి ఏసిన. మంచిగ రాలేదు."

ఆ అమ్మాయి గిన్నె తీసుకుని మెట్లు దిగిపోయింది. నేను గుమ్మం దగ్గరే నిలబడి, నాకు మాత్రమే వినబడేలా ఆ చివరి మాట ఇంకోసారి అన్నాను. మంచిగ రాలేదు. నాది మంచిగ రాలేదు.