లడ్డులో ఉంగరం

మొన్న అవనిగడ్డలో చుట్టాల పెళ్లి భోజనాల్లో బందరు లడ్డు వడ్డిస్తే, తినేముందు అలవాటుకొద్దీ రెండు ముక్కలు చేసి లోపల చూశాను. పక్కన కూర్చున్న వదిన, "ఏం వెతుకుతున్నావే, అందులో బంగారముందా?" అని నవ్వింది. ఒకప్పుడు ఉండేది వదినా అందామనుకుని, ఓ ముక్క నోట్లో వేసుకున్నాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది, నా ఈడువాళ్లు చదివితే అర్థం చేసుకుంటారని.

మా ఆయన మేజిక్ చేసేవారు. స్టేజీ మీద కాదండీ. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో బందరు, గుడివాడ హోటళ్లలో, నిశ్చితార్థం విందుల్లో, భోంచేసేవాళ్ల బల్లల దగ్గరికే వెళ్లి, వాళ్ల కళ్లెదుటే పేకముక్కలూ నాణేలూ మాయం చేసేవారు. నేను చుట్టంలా మంచి చీర కట్టుకుని వేరే బల్ల దగ్గర కూర్చునేదాన్ని. ఆయన ఎవరిదో ఉంగరం అడిగి తీసుకుని, రుమాల్లో చుట్టినట్టు చుట్టి, నా పక్కగా వెళ్తూ నా చేతిలోకి జారవిడిచేవారు. దాన్ని నేను నా ప్లేటులోని లడ్డులోకి అడుగునుంచి నొక్కేసేదాన్ని. కాసేపు ఆ ఖాళీ రుమాలుతో అందర్నీ ఊరించి, తర్వాత నా దగ్గరికొచ్చి, "అమ్మా, మీరెవరో గాని ఆ లడ్డు ఓసారి ఇవ్వండి" అనేవారు. ఎక్కడికెళ్లినా మేమిద్దరం ముక్కూమొహం తెలియనివాళ్లం. బస్సు కూడా విడివిడిగా ఎక్కి, తిరుగు ప్రయాణంలో, మా బందరుకి ముందొచ్చే గూడూరు దాటాకే ఆయన లేచి నా పక్కకొచ్చి కూర్చునేవారు.

గుడివాడలో ఒక నిశ్చితార్థం నాడు, ఉంగరం లడ్డులో పెట్టేశాక, చేయకూడని పని చేశాను: వందసార్లు చూసిన ఆయన చేతుల్నే మళ్లీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. నా పక్కనున్న ముసలమ్మగారు నేను తినక వదిలేశాననుకుని, ఆ లడ్డు కొంగున ముడేసుకుని, బస్సు వేళైందని వెళ్లిపోయింది. ఇంట్లో పిల్లలకని అలా ముడేసుకోనివాళ్లు మనలో ఎవరున్నారు! ఆయన వచ్చి చేయి చాపేసరికి నా ప్లేటు ఖాళీ; లడ్డు ఎటుపోయిందో అప్పటికి నాకే తెలియదు.

మొదట అందరూ నవ్వారు. ఉంగరం ఇచ్చిన పెళ్లికొడుకు మేనమామ, "ఏమయ్యా, మాయం చెయ్యడమేనా, తెప్పించడం రాదా?" అన్నాడు. కాసేపటికి నవ్వులాగిపోయి, మా ఆయన జేబులు వెతికారు, చొక్కా విప్పించారు. నేను లేవబోతుంటే ఆయన కళ్లతోనే వద్దన్నారు. గుట్టు బయటపడితే ఇంక మమ్మల్ని పిలిచేవాళ్లుండరు. ఇంతలో ఎవరో నావైపు తిరిగి, "ఏమ్మా, ఇతను మీకు తెలుసా?" అన్నారు. తెలియదండీ అన్నాను. వద్దన్న ఆ కళ్లే, ఆ మాట విని కిందికి వాలిపోయాయి.

అప్పుడొచ్చింది ముసలమ్మగారు, బస్టాండు నుంచి రొప్పుకుంటూ. బస్సు కోసం కూర్చుని లడ్డు ఓ కొస కొరికితే పంటికి గట్టిగా తగిలిందట. "ఇదెవరిదో చూడండర్రా, పన్ను ఊడేది నాకు!" అని ఉంగరం ఎత్తి చూపించేసరికి హాలంతా చప్పట్లు. అంతా మేజిక్కే అనుకున్నారు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూనే వంగి దండం పెట్టారు.

ఆ సాయంత్రం బస్సు గూడూరు దాటింది. ఆయన లేవలేదు. బందరు వచ్చేదాకా ముందు సీట్లో ఆయన మెడనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఎన్నో ఏళ్లు కాపురం చేశాం. పోయేదాకా ఆయన ఆ సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు తెలియని మనిషి చేతిలో ఉంగరం పెట్టేవాళ్లు లేరు, భోజనాల దగ్గర పక్కవాళ్ల మొహం చూసేవాళ్లూ తక్కువే, అందరి కళ్లూ ఫోన్లలోనే. బస్సులో ఎవరికీ ఏమీ కాని మనిషిలా నేనిప్పుడు నటించక్కర్లేదు. అయినా గూడూరు రాగానే చేతిసంచి తీసి ఒళ్లో పెట్టుకుని, పక్క సీటు ఖాళీ చేస్తాను.